శాశ్వత పరిష్కారం కోరుతూ

తార్నాక,
2 జూలై 2025

చెల్లె రాహేలుకు,

నీ ఉత్తరం శనివారం చేరింది. మంగళవారమే డబ్బాలో వేశానని రాశావు. మాణికేశ్వర్ నగర్ నుంచి యూనివర్సిటీ క్యాంపస్ లోపలిగా నడిస్తే మా ఇల్లు ఇరవై నిమిషాలు. తపాలా వారికి నాలుగు రోజులు పట్టింది. అయినా సర్కారు శాఖల్లో నాకు కాస్త నమ్మకం మిగిలింది దాని మీదే. ఆలస్యం చేస్తుంది కాని అబద్ధం చెప్పదు.

రేషన్‌లో సన్నబియ్యం వచ్చాయని సంబరపడుతూ రాశావు. తిను, నేను వద్దనను. కాని ఎవరో పెద్దమనిషి తన గరిసెలోంచి తీసి పోసినట్టు రాశావే, అక్కడ నాకు మండింది. నువ్వు గిన్నెలు తోముకునే సబ్బు మీద పన్ను. నీ మోకాళ్ల మాత్రల మీద పన్ను. ఆ పన్నుతో కొన్న బియ్యాన్ని నీకే పోసి, సంచి మీద తన బొమ్మ వేసుకుంటాడు. నువ్వేమో దండం పెడతావు. ఆడవాళ్ల బస్సూ అంతే. 'ఫ్రీ' అనకు. నీ టికెట్ నేను కొంటున్నాను. నలభై ఏళ్లు లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేశాను. దానం చేసే ప్రభుత్వం ఒక్క పుస్తకంలోనూ కనపడలేదు.

ఇది నోటితో చెప్పగలిగితే అర నిమిషం పని. కాని నువ్వు నాతో మాట్లాడక పదకొండేళ్లు. 'మా ఆయనను మాఫీ అడిగేదాకా అన్నతోని మాట్లాడ' అని పాస్టరు ముందు బైబిలు మీద చెయ్యి వేశావు. రాయనని మాత్రం అనలేదు. ఆ సందు వెతుక్కునే తెలివి నీకు నేను నేర్పిందే. వెంకటస్వామి బావ పోయి రెండేళ్లయింది. ఇక నేను ఎవరిని అడగాలి? అసలు ఎందుకడగాలి? ఎన్నికలప్పుడు లీడరు బొమ్మ ఉన్న గోడగడియారం తీసుకుని ఓటేశాడు. పిల్లల ముందు, చుట్టాల ముందు ఆ మాట అన్నాను. గడియారాన్ని తీసి వాకిట్లో పెట్టాను. చెప్పింది నిజమే కదా.

అసలు విషయానికి వస్తాను. రోజూ ఆరున్నరకు నేను లైబ్రరీ ఎదుటి సిమెంటు బెంచీ మీద కూర్చుంటాను. నువ్వు మీ బస్తీ వైపు చిన్న గేటులోంచి, నెత్తిన ఇడ్లీ గిన్నె, చేతిలో సాంబారు క్యానుతో హాస్టళ్ల వైపు పోతావు. నన్ను దాటేటప్పుడు క్యానును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటావు. మొన్న సోమవారం ఆ గేటులోంచి మోటారు సైకిలు దూసుకొచ్చి నీ మోచేతికి తగిలింది. సాంబారు రోడ్డు పాలైంది. బండి మీ బస్తీ లీడరు దేవేందర్ మనుషులది. బావ చేతికి గడియారం ఇచ్చిన ఆ దేవేందర్. నేను లేచి నిలబడ్డాను. తర్వాత కూర్చున్నాను. పలకరించడానికి లేదు కదా.

ఇంటికొచ్చి నా నూట అరవై మూడో అర్జీ రాశాను. దేని గురించో ఇప్పుడు చెప్పను. పని అయ్యాక నువ్వే చూస్తావు.

మోచేతికి ఆవనూనె రాసుకో.

నీ అన్న
ఇన్నయ్య


మాణికేశ్వర్ నగర్,
11 జూలై

అన్నకు,

ప్రభువు నీకు ఆరోగ్యం ఇయ్యాలె. నువ్వు ఆయనను నమ్మకున్నా ఆయన నిన్ను మర్వద్దని అడుక్కుంట రాహేలు రాసేది.

మోచెయ్యి మంచిగనే ఉన్నది. సాంబారు పోయిందని ఆ పొద్దు పిల్లలు ఉత్త చట్నీతోని తిన్నరు. ఎవ్వరూ ఏమనలే. ఇరవై రెండేండ్ల సంది నా ఇడ్లీ తిని చదువుకొని పోయినోళ్లు ఎంతమందో నాకే లెక్క తెల్వది. ఆ బండి పిలగాడు దిగి సారీ చెప్పలేదని దేవేందర్ ఇంటికి పోయి కడిగేసి వచ్చిన. ఆయన మొఖం మాడ్చుకున్నడు. 'అక్కా, గేటు నీ ఒక్కదానిది కాదు' అన్నడు. నీదీ కాదన్న.

నీ టాక్సు ముచ్చట చదివి నవ్వొచ్చింది. నువ్వు కట్టిన పైసలతోనే నేను బస్సెక్కుతున్ననా? ఎక్కనీ. చెల్లెను బండెక్కించి పంపినట్టే అనుకో. నీకు బస్సు ఫ్రీ లేదని కడుపుమంట గాని, నువ్వు ఒక్కనాడన్న నన్ను ఏ బస్సన్న ఎక్కించినవా? బొమ్మ ఏసుకుంటే ఏసుకోనీ. బియ్యం వండినంక బొమ్మ ఉడకది కదా.

మీ బావ గురించి మళ్ల రాసినవ్. పోయినోళ్ల మీద ఇంకా కోపమేంది నీకు. ఆ గడియారం ఇప్పటికీ నా గోడ మీదనే ఉన్నది. లీడరు మొఖం ఎండకు తెల్లగైపోయింది, ముల్లు మాత్రం సరిగ్గనే తిరుగుతది.

అర్జీలు ఇగ సాలు అన్నా. నూట అరవైమూడు రాసినవ్, ఒక్కటన్న పని అయ్యిందా? నీ కండ్లు పోతయ్.

చెల్లె
రాహేలు


తార్నాక,
6 ఆగస్టు

చెల్లెకు,

ఈసారి నవ్వడం నా వంతు.

నిన్న ఉదయం చిన్న గేటు దగ్గర ఒక ఇంజినీరు, ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటుంటే చూశాను. దగ్గరికి వెళ్లి ఎవరు పంపారని అడిగాను. ఆయన చేతిలోని కాగితం చూపించాడు. నా అర్జీ. నా సంతకం. పైన ఎర్ర సిరాతో 'వెంటనే చర్య తీసుకోండి' అని ఉంది. ఇన్నేళ్లలో వీధిదీపం గురించి రాశాను, మురుగు గురించి రాశాను, లైబ్రరీలో చెదలు పట్టిన పుస్తకాల గురించి రాశాను. ప్రతిదానికీ 'తగు చర్య నిమిత్తం పంపబడినది' అనే వచ్చింది. ఎక్కడికి పంపారో ఆ దేవుడికే, అంటే మీ దేవుడికే, తెలియాలి.

రహస్యం ఏమిటో చెబుతాను. ఇదివరకు ఆ గేటుకు గొలుసు కట్టారు, ఎవరో ఎత్తుకుపోయారు. రాయి పాతారు, పక్కకు జరిపారు. అందుకని ఈసారి అర్జీలో 'తాత్కాలిక చర్యలు వద్దు, శాశ్వత పరిష్కారం చూపగలరు' అని రాసి కింద గీత గీశాను. ప్రభుత్వం చెడ్డది కాదు రాహేలూ, బద్ధకస్తురాలు. ఏం కావాలో సరిగ్గా చెప్పేవాడుండాలి. మన జనానికి పన్ను కట్టడం తెలుసు, దండం పెట్టడం తెలుసు, అడగడం తెలియదు.

దేవేందర్ బళ్లు ఇక ఆ దారిన రావు. అంతకన్నా చెప్పను.

ఇన్నయ్య


మాణికేశ్వర్ నగర్,
16 ఆగస్టు

అన్నకు వందనాలు.

గోడ కట్టిన్రు అన్నా.

పదమూడో తారీకు పొద్దున ఎప్పటిలెక్కనే గిన్నె నెత్తిన పెట్టుకొని పోయిన. గేటు లేదు. ఇటుకలు, సిమెంటు, మనిషి ఎత్తు గోడ. ఇంకా తడి ఆరలే. నా వెనుక బడికి పోయే పిల్లలు, హాస్టల్ల ఊడ్చేటోళ్లు, కర్ర పట్టుకున్న ముసలోళ్లు, అందరం నిలబడి గోడను చూసినం. అవతల పిల్లలు వచ్చి పిలిచిన్రు. స్టూలు తెప్పించి ఎక్కి ఇడ్లీ పొట్లాలు మీదికెల్లి అందిచ్చిన. సాంబారు ఎట్ల అందియ్యాలె? రెండు రోజులు ఇట్లనే. మూడో రోజు వాచ్‌మన్ వచ్చి వద్దన్నడు.

ఇది దేవేందర్ పనే. నేను కడిగినందుకు కక్ష తీర్చుకున్నడు. అందరి ముందు గేటు నీది కాదన్నడు కదా.

అర్జీలు వద్దన్న నోటితోనే అడుగుతున్న. నువ్వు రాయి. ఆ గోడ ఎవడు కట్టిచ్చిండో వానికి బుద్ధొచ్చేటట్టు రాయి. గీత గీసి రాయి. నీది మంచి చెయ్యి.

నాలుగు రోజుల సంది నిన్ను చూడలే. బెంచీ మీద కూసుంటున్నవా?

రాహేలు


తార్నాక,
22 ఆగస్టు

రాహేలూ,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. రెండుసార్లు చదివాను. ఈ జవాబు మూడుసార్లు మొదలుపెట్టి చింపాను.

ఆ గోడ దేవేందర్ కట్టించలేదు. నేను కట్టించాను.

మోటారు సైకిళ్లు ఆపమని రాశాను. గేటు మూయమని ఎక్కడా రాయలేదు. కాని శాశ్వత పరిష్కారం అడిగాను కదా. బండి ఆగి మనిషి మాత్రం పట్టేలా ఒక ఇనుప తిరుగుడు గేటు పెడతారనుకున్నాను. అది పెట్టాలంటే ఎవరో ఒకరు కూర్చుని కాస్త ఆలోచించాలి. గోడకైతే ఇటుకలు చాలు.

నీ మోచేయికి తగిలిందని రాశాను. దేవేందర్ మీద కసితోనూ రాశాను. ఏది ఎంత అని అడగకు, నాకే తెలియదు.

పదమూడు నుంచి రోజూ బెంచీ మీద కూర్చుంటున్నాను. నువ్వు రావని తెలుసు.

సోమవారం వెళ్లి అర్జీ వెనక్కి తీసుకుంటాను.

ఇన్నయ్య


మాణికేశ్వర్ నగర్,
25 ఆగస్టు

ఇన్నయ్య గారికి,

నిన్న దేవేందర్ ఆఫీసుకు పోయిన. ఆదివారం, ఇరవై మంది ఉన్నరు. అందరి ముందు నోటికొచ్చింది తిట్టిన. పేదోళ్ల పొట్ట కొట్టినవన్న, నీ ఇంట్ల దీపం ఆరిపోతదన్న. ఆయన కుర్చీ జరిపి, 'కూసో అక్కా. ఛాయ్ తాగు. తాగినంక ఇది చదువు' అని ఫోను చేతికిచ్చిండు.

నీ అర్జీ ఫోటో.

పేరు చూడక ముందే తెలిసింది. ఆ దస్తూరి నేను గుర్తుపట్టనా? పలక మీద నా చెయ్యి పట్టుకొని దిద్దిచ్చిన దస్తూరి. నాకు అక్షరాలు నేర్పిన చెయ్యే నా దారి మూసింది.

ఛాయ్ తాగకుంటనే లేచి వచ్చిన. ఆఫీసు వాకిలి దాకా తోలి పంపిండు దేవేందర్. 'ముసలాయనను ఏమనకు అక్కా, మంచికే రాసిండేమో' అన్నడు. నిన్ను వాడు వెనకేసుకొస్తుంటే నేను వినాల్సొచ్చింది.

తెలిసి కూడ పది రోజులు ఊకున్నవ్. నేను అర్జీ రాయమని నిన్నే అడిగిన.

రాహేలు


మాణికేశ్వర్ నగర్,
2 సెప్టెంబర్

నీ ఉత్తరం ఇయ్యాల వచ్చింది. దాని మీద 22 ఆగస్టు అని రాసుకున్నవ్. దేవేందర్ నాకు చూపిచ్చింది 24. తెలిసిపోయిందని ఎవరో చెప్పినంక పాత తారీకు ఏసి రాసినవని నాకు తెల్వదనుకున్నవా? ఇరవై నిమిషాల దూరానికి పదకొండు రోజులు పడతదా?

రాహేలు


తార్నాక,
8 సెప్టెంబర్

రాహేలూ,

కవరు మీద తపాలా ముద్ర ఉంటుంది, చూడు. నేను 23 ఉదయం డబ్బాలో వేశాను. మధ్యలో ఆదివారం, తర్వాత వినాయక చవితి సెలవు, ఆ పైన వాన. ముద్రలో తేదీ కనపడకపోతే అది నా తప్పు కాదు. తపాలా అబద్ధం చెప్పదని రాసినవాణ్ని నేనే. నిజం కూడా సమయానికి చెప్పదని ఇప్పుడు తెలిసింది.

పది రోజులు ఊరుకున్నానంటావు. గోడ చూసిన రోజే నీకు రాయవలసింది. ఎవరూ ఎరగకుండా తీయించేద్దామని ఆఫీసుల చుట్టూ తిరిగాను. అది నా పిరికితనం. ఒప్పుకుంటున్నాను.

ఆఫీసు సంగతి విను. అర్జీ వెనక్కి తీసుకుంటానంటే కౌంటరులోని అమ్మాయి కంప్యూటరులో చూసి, 'తీస్కునుడు కాదు పెద్దాయనా, పనే అయిపోయింది కదా' అంది. గోడ తీయించండి అన్నాను. 'శాశ్వత పరిష్కారం అని మీరే రాసిన్రు. గీత కూడ గీసిన్రు. శాశ్వతం అంటే మళ్ల తీసుడుండదు' అంది. ఎగతాళి కాదు, పాపం నిజంగానే విడమరచి చెప్పింది. ఆ ఇంజినీరు బదిలీ అయ్యాడు. కొత్తాయన, కట్టమన్న ఉత్తర్వు తనది కాదు కనుక తీయమనే అధికారం తనకు లేదన్నాడు. మరి ఎవరికుంది? ఎర్ర సిరాతో రాసినాయనకు. ఆయన జూలై ఆఖరున రిటైరయ్యాడు.

బతుకంతా సర్కారు నా మాట వినదని తిట్టాను. ఒక్కసారి విన్నది. ఇప్పుడు విననట్టు చేయమని బతిమాలుతున్నాను.

ఇంకొకటి. గోడ తీయాలని దేవేందర్ సంతకాలు సేకరిస్తున్నాడు. నిన్న వాడి ఆఫీసుకు వెళ్లాను. నాకూ కుర్చీ వేశాడు. నాకూ ఛాయ్ ఇచ్చాడు. మొదటి సంతకం వాడిది, దాని కింద నాది. ఛాయ్ తాగాను.

ఇన్నయ్య


మాణికేశ్వర్ నగర్,
6 అక్టోబర్

అన్నకు,

కవరు వెలుగుల పట్టి చూసిన. ముద్ర అలుక్కపోయింది. ఇరవై మూడో, ఇరవై ఎనిమిదో తెలుస్తలేదు. ఇరవై మూడే అనుకుంటున్న. అనుకుంటే పోయేదేమున్నది.

నెల రోజులు బస్సుల తిరిగిన. సీతాఫల్‌మండి దిక్కు పోయి, ఒక బస్సు మారి, మెయిన్ గేటు కాడ దిగి, గాడికెల్లి హాస్టల్ దాకా నడిచి. నువ్వు తిట్టిన ఫ్రీ బస్సే. కండక్టరమ్మ మంచిదే గాని సాంబారు క్యాను చూస్తే ముఖం చిట్లిస్తది. ఒకనాడు బ్రేకు కొడితే ఒకామె చీర మీద ఒలికింది. నేను పోయేసరికి ఎనిమిదిన్నర అయితది. పిల్లలు అప్పటికి క్లాసులకు పోతరు. ఎదురుచూసి చూసి మెయిన్ రోడ్డు బండి మీద తినుడు అలవాటు చేసుకున్నరు. వాళ్ల తప్పేమున్నది. గిన్నె నిండుగ తీస్కపోయి నిండుగ తెచ్చిన రోజు బస్తీల పంచిపెట్టిన.

మోకాళ్లు ఒప్పుకుంటలేవు. బిడ్డ అమల జహీరాబాద్ రమ్మంటున్నది. ఈ నెలాఖరుకు పోత. రెండు రోజుల పని కాదు, పోవుడే.

దేవేందర్ సంతకాల కాగితం వాపసొచ్చిందట. తార్నాక దిక్కు పొద్దున నడిచేటోళ్లు గోడ కట్టినంక ప్రశాంతంగ ఉన్నదని, తియ్యొద్దని ఇంకో అర్జీ పెట్టిన్రట. వాళ్లకూ నీలెక్క రాసేటోడు దొరికినట్టున్నడు.

పోయే ముందు నీతోని ఒక్క మాట నోటితోని అందామని ఉన్నది. బైబిలు మీద ఒట్టు. పాస్టరమ్మను అడిగిన. 'ఎవరిని మాఫీ అడగాలో ఆయన ప్రభువు దగ్గర ఉన్నడు, నేనేం చెప్పాలె' అన్నది. నీ ఎర్ర సిరా ఆఫీసరు లెక్కనే అయ్యింది నా సంగతి కూడ.

రాహేలు


తార్నాక,
20 అక్టోబర్

చెల్లె,

ఈరోజు దీపావళి సెలవు. ప్రతి సోమవారం నేను వెళ్లే అర్జీల కౌంటరు లేదు. బావ సమాధి దగ్గరికి వెళ్లాను.

ఖననం రోజున నేను శ్మశానం గేటు దగ్గరే నిలబడి వెనక్కి వచ్చానని నీకు తెలుసు. ఈసారి లోపలికి వెళ్లాను. పేరు వెతుక్కోవడానికి అరగంట పట్టింది. నలభై ఏళ్లు పుస్తకాలు వరుస పెట్టినవాణ్ని, అక్కడ ఏ వరుసా లేదు. ఎవరూ లేరని చూసుకుని పైకే అన్నాను. 'బావా, ఇన్నయ్యను. ఆ రోజు నీ ఇంట్లో నీ పిల్లల ముందు నిన్ను తక్కువ చేశాను. గడియారం నీ గోడది, తీయడానికి నాకేం హక్కు. మాఫీ చెయ్యి.'

నేను చెప్పింది నిజమా కాదా అని పదకొండేళ్లు వాదించుకున్నాను. ఆయన ఏమడిగాడు? ఇల్లు మారకుండా, ఆ బస్తీలో కరెంటు నిలబెట్టుకుని బతకడానికి ఒక లీడరును పలకరించాడు. నేను లీడర్లకు ఉత్తరాలు రాశాను. ఆయన వాళ్లతో ఛాయ్ తాగాడు. మొన్న నేనూ తాగాను కదా.

కాసేపు నిలబడ్డాను. సర్కారులాగే బావ కూడా ముట్టినట్టు రసీదు ఇవ్వలేదు.

ఇది చాలునో చాలదో నీ ఒట్టుకు నువ్వే చెప్పాలి. చాలితే జహీరాబాద్ వెళ్లే ముందు రా. ఇంట్లోనే ఉంటాను. నాకీ వయసులో వెళ్లే చోటేముంది.

ఒకటి అడగాలని చాలా రోజులుగా ఉంది. నన్ను దాటేటప్పుడు క్యాను చెయ్యి మార్చుకునేదానివి. అది బరువుకేనా, నన్ను పలకరించడానికా?

అన్న
ఇన్నయ్య


నీ ఇంటి మెట్ల మీద,
27 అక్టోబర్, సోమవారం

అన్నా,

నీ ఉత్తరం శనివారం అందింది. రెండు బస్సులు మారి పన్నెండింటికి వచ్చిన. తాళం ఉన్నది.

పక్కింటి కమలాదేవమ్మ చెప్పింది. 'ఇయ్యాల సోమవారం కదమ్మా, అర్జీ పట్టుకొని పొద్దుగాలనే పోయిండు. గోడ గురించేనట. సాయంత్రం గాని రాడు' అన్నది. నీ సోమవారం నేను మర్చిపోయిన. నేను వస్తనని నువ్వు మర్చిపోయినవ్. ఆమె ఫోను చేసింది, లోపల నీ ఫోను మోగుతుంటే ఇద్దరం విన్నం.

ఇప్పుడు మూడున్నర. అయిదింటికి బస్తీల అమల వాళ్లు బండిల సామాను ఎక్కిస్తరు. నేను లేకుంటే కదలరు. కమలాదేవమ్మ దగ్గర కాగితం అడిగి రాస్తున్న.

మీ బావ తరపున జవాబు నేను చెప్తున్న. ఆయనకు నీ మీద కోపం ఎప్పుడో పోయింది. ఆ గడియారం ముచ్చట తనే చెప్పి, నువ్వు దాన్ని సంకల పెట్టుకొని వాకిట్లకు నడిచిన తీరు చేసి చూపిచ్చి నవ్వేటోడు. నాతోని ఒట్టు తీసెయ్యమన్నడు కూడ. మాట ఇచ్చిన అని నేనే పట్టుకొని కూసున్న. ఇది నీకు రెండేండ్ల కిందనే రాయాల్సింది.

బస్సుల వచ్చేటప్పుడు దారి పొడుగుత అనుకుంటనే వచ్చిన, ఎట్ల పిలవాలె, ముందు ఏమనాలె అని. వచ్చి తలుపు ముందల నిలబడి 'అన్నా' అని ఒక్కసారి పిలిచిన. అప్పటికి తాళం చూడలే.

గడియారం కమలాదేవమ్మ దగ్గర పెట్టిన. తీస్కో. బొమ్మ ఇప్పుడు ఎవరిదో కూడ తెలుస్తలేదు, నీకు మంట ఉండది. టైము సరిగ్గ చూపిస్తది.

గోడ కోసం ఇగ పోకు. నాకు అటు దిక్కు పని లేదిప్పుడు.

క్యాను గురించి అడిగినవ్. బరువుకు కాదు.

చెల్లె
రాహేలు